ఒపుకా రాతి రొటుండా: ప్రాగ్ పాత పట్టణంలోని ఒక చిన్న రోమనెస్క్ చాపెల్ మీద కేస్ స్టడీ

ప్రాగ్‌లో వల్తావా నది కుడి ఒడ్డున, పాత పట్టణంలో, కరోలినీ స్వెట్లే వీధీ కొన్విక్ట్‌స్కా వీధీ కలిసే మూలన ఒక గుండ్రటి రాతి కట్టడం ఉంది. పేరు పవిత్ర శిలువ రొటుండా. చుట్టూ ఉన్న అద్దె ఇళ్ల పక్కన అది ధాన్యం గాదె అంత కనిపిస్తుంది. గుండ్రటి గది, ఒక పక్కన దానికి అతికినట్టు అర్ధవృత్తపు గర్భాలయం, పైన శంఖువు ఆకారపు కప్పు, కప్పు నెత్తిన జంట కిటికీలున్న చిన్న లాంతరు గూడు. అంతే కట్టడం. 11వ శతాబ్దం చివర కట్టారా, 12వ శతాబ్దం మొదట్లోనా అని చరిత్రకారులు వాదించుకుంటారు. మరమ్మతు చేసేవాడికి ఆ పాతికేళ్ల తేడాతో పనేం లేదు. గోడ ఏ రాయితో కట్టారు, ఆ రాయి పక్కన తర్వాతి వాళ్లు ఏం పూశారు అన్నవే పనికొచ్చే ప్రశ్నలు.

ప్రాగ్‌లో ఇలాంటి రొటుండాలు మూడు నిలిచి ఉన్నాయి. వ్యషెహ్రాద్ కోటలోని సెయింట్ మార్టిన్ రొటుండా మూడింటిలో పాతది, 11వ శతాబ్దపు చివరి భాగానిది. కొత్త పట్టణంలో రిబ్నీచెక్ దగ్గరున్నది సెయింట్ లాంగినస్‌ది. మూడోది ఇది. మూడూ ఒకే రకం రాతితో కట్టినవే, మూడూ 19వ శతాబ్దంలో కూల్చివేత అంచు దాకా వెళ్లి తప్పించుకున్నవే. ఈ కేస్‌లో ప్రధానంగా మూడోదాన్నే తీసుకుని, అవసరమైన చోట మిగతా రెండింటితో పోల్చి చూద్దాం.

రాయి

ఒపుకా అనేది ప్రాగ్ చుట్టుపక్కల దొరికే లేత పసుపు రాయి. సుమారు 9 కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టి, బంకమట్టి, స్పాంజి జీవుల సన్నటి ఇసుకలాంటి ముళ్లు కలిసి గట్టిపడ్డ పొరల రాయి ఇది. పెత్రిన్ కొండ, బీలా హొరా, నగరానికి వాయవ్యంగా ఉన్న ప్రెడ్నీ కొపానినా దీని గనులకు పేరు మోసిన చోట్లు. గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది, గొడ్డలితోనే చెక్కొచ్చు. ఆరే కొద్దీ గట్టిపడుతుంది. రోమనెస్క్ (మధ్యయుగపు తొలినాళ్ల యూరప్ కట్టుబడి శైలి) మేస్త్రులకు ఇది నచ్చడానికి కారణం అదే. ఒక మనిషి చేత్తో ఎత్తి పెట్టగలిగేలా, జానెడు ఎత్తు లోపు చిన్న దిమ్మలుగా చెక్కి, వరుసలు తప్పకుండా పేర్చారు. గోడ బయటి ముఖం, లోపలి ముఖం ఈ దిమ్మలవే. మధ్యలో రాతి ముక్కలు, సున్నం కలిపి కుక్కారు.

దీని బలహీనతా అక్కడే మొదలవుతుంది. రంధ్రాలు ఎక్కువ. మొత్తం ఘనంలో పావు వంతు దాకా, కొన్ని రకాల్లో అంతకు మించి కూడా ఖాళీయే. బంకమట్టి ఉంది కాబట్టి తడిస్తే కొంచెం ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. పొరల రాయి కాబట్టి దిమ్మను పొరలు అడ్డంగా ఉండేట్టు పడుకోబెట్టి కట్టాలి. నిలబెట్టి కడితే ముఖం పుస్తకం అట్టలా ఊడొస్తుంది. ఏ ఒపుకా గోడ దగ్గరికి వెళ్లినా ముందు చూడాల్సింది ఇదే. ఊడిపోయిన దిమ్మల్లో పొరలు ఎటు ఉన్నాయి? ఎక్కువ దిమ్మల్లో పొరలు నిలువుగా కనిపిస్తే జబ్బు ఆ దిమ్మది, గోడది కాదు. అప్పుడు గోడ మొత్తానికి మందు పూయడం దండగ.

ఈ కట్టడంలో పెట్టుకోవాల్సిన నియమం ఒకటే. ఒపుకా కంటే బలమైనది, ఒపుకా కంటే నీటిని ఎక్కువ బిగబట్టేది ఏదీ దాని పక్కన చేర్చకూడదు. కింద చెప్పే నిర్ణయాలన్నీ దాని నుంచి వచ్చినవే.

గోడ ఎదుర్కొన్నవి

13వ శతాబ్దంలో పాత పట్టణం వరదల బాధ పడలేక తన నేలనే ఎత్తుకుంది. వీధులు రెండు మూడు మీటర్ల మేర పైకి లేచాయి. పట్టణంలోని రోమనెస్క్ ఇళ్ల కింది అంతస్తులు ఇప్పుడు నేలమాళిగలుగా మిగిలింది అందుకే. ఇలాంటి పట్టణంలో గోడ అడుగున ఉన్న మట్టి సహజమైన మట్టి అనుకోకూడదు. అది శతాబ్దాల చెత్త, మరుగు గుంతలు, శ్మశానపు మట్టి, పాత గోడల సున్నం కలిసిన పూడిక. అందులోంచి గోడలోకి ఎక్కే నీరు నైట్రేట్లు, క్లోరైడ్లు అనే ఉప్పులను మోసుకొస్తుంది.

1780ల్లో రెండో యోసెఫ్ చక్రవర్తి సంస్కరణల్లో ఈ చాపెల్ మూతపడి గోదాము అయింది. 1860ల మొదట్లో కూల్చేద్దామన్నారు. చెక్ కళాకారుల సంఘం ఉమ్యెలెట్స్కా బెసెడా గట్టిగా అడ్డుపడింది. తర్వాత వాస్తుశిల్పి వొయ్‌టెక్ ఇగ్నాట్స్ ఉల్మన్ చేతుల మీదుగా 1865 నాటికి పునరుద్ధరణ పూర్తయింది. చుట్టూ ఉన్న ఇనుప కటకటాల నమూనా గీసింది యోసెఫ్ మానెస్. పాత పట్టణపు ఖగోళ గడియారం కింద ఉండే పంచాంగ ఫలకం బొమ్మలు వేసిన చిత్రకారుడు ఆయనే. లోపలి గోడల మీద 14వ శతాబ్దపు చిత్రాల శకలాలూ, 1860ల్లో వేసిన చిత్రాలూ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఓల్డ్ క్యాథలిక్ చర్చి దీన్ని ప్రార్థనలకు వాడుతోంది.

ఉల్మన్ పని ఆ కాలపు పద్ధతిలో, తర్వాతి చేర్పులు తీసేసి కట్టడాన్ని మళ్లీ రోమనెస్క్‌గా చూపించాలన్న తపనతో సాగింది. వ్యషెహ్రాద్‌లో 1878–80 మధ్య ఆంటోనిన్ బౌమ్ చేసిందీ అదే. అక్కడి నియో రోమనెస్క్ ద్వారం ఆయన చేర్చిందే. ఇప్పుడు ఆ 19వ శతాబ్దపు పనిని ‘నకిలీ’ అని తీసేయాలని కొందరికి అనిపిస్తుంది. ఆ మాట వినకూడదు. ఆ పనికి 150 ఏళ్లు దాటాయి, అదీ చరిత్రే. పైగా దాన్ని తీస్తే కింద ఏం మిగిలిందో తీసేదాకా తెలియదు. ఏ దిమ్మ 12వ శతాబ్దానిది, ఏది మార్చినది అని గుర్తించడం మాత్రం అవసరం. పక్క నుంచి ఏటవాలుగా టార్చి వేసి చూస్తే పాత దిమ్మ మీద గొడ్డలి వేట్లు, కొంచెం వంకర అంచులు కనిపిస్తాయి. మార్చిన దిమ్మ అంచులు మరీ నిటారుగా, ఉలి గీతలు సమంగా ఉంటాయి. ప్రతి దిమ్మకూ ఒక సంఖ్య వేసి, విప్పదీసి పరిచినట్టుండే గోడ పటం మీద రంగులతో గుర్తిస్తారు. గోడ గుండ్రం కాబట్టి మామూలు ఫొటో పనికిరాదు. గది చుట్టూ కనీసం 60 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా ఫొటోలు తీసి, ఫొటోగ్రామెట్రీతో, అంటే ఫొటోల నుంచి కొలతలు తీసే పద్ధతితో, గుండ్రటి గోడను పటం మీద చాపలా పరచాలి.

తేమ కొలవడం

రెండు సూదులు గుచ్చి చూసే తేమ మీటరు ఇక్కడ మోసం చేస్తుంది. అది కొలిచేది విద్యుత్ నిరోధం. ఉప్పు పట్టిన గోడ ఎండుగా ఉన్నా తడి అని చూపిస్తుంది. ఎక్కడ తేడా ఉందో తొందరగా వెతకడానికి వాడొచ్చు గానీ, ఆ అంకెలు నివేదికలో రాయకూడదు.

రాయాల్సినవి తూకపు అంకెలు. గోడలో కనీసం మూడు నిలువు గీతలు ఎంచుకోవాలి: వీధి వైపు, నీడ పడే వైపు, గర్భాలయం కలిసే మూల. ప్రతి గీత మీద నేల నుంచి 20 సెంటీమీటర్లు, 50, 100, 150, 200, 300 ఎత్తుల్లో డ్రిల్లు పెడతారు. దిమ్మలోకి కాకుండా వీలైనంతవరకు సున్నపు సందులోకే పెట్టాలి. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి. వేగంగా తిప్పితే వేడికి నీరు ఆవిరైపోయి అంకె తప్పు వస్తుంది. 0–2, 2–5, 5–10, 10–20 సెంటీమీటర్ల లోతుల పొడిని విడివిడిగా సీసాల్లో పట్టి మూత బిగించి, అక్కడికక్కడే తూచాలి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. పొడిని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం ప్రయోగశాలల్లో అలవాటు. ఈ గోడలో జిప్సం ఉంటుంది. జిప్సం తన స్ఫటికంలో కట్టుకున్న నీటిని ఆ వేడికి వదిలేస్తుంది, మనం దాన్ని తేమ అని లెక్కేస్తాం. 40 డిగ్రీల దగ్గర, బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టాలి. రెండు మూడు రోజులు ఎక్కువ పట్టినా పట్టనీ.

ఉదాహరణకు తడి పొడి 24.6 గ్రాములు, ఆరాక 22.8 గ్రాములు అనుకుందాం. పోయిన నీరు 1.8 గ్రాములు, ఆరిన బరువుతో భాగిస్తే 7.9 శాతం. చెక్ ప్రమాణం సీఎస్‌ఎన్ పీ 73 0610 ప్రకారం 3 శాతం లోపు చాలా తక్కువ, 5 దాకా తక్కువ, 7.5 దాకా పెరిగిన తేమ, 10 దాకా ఎక్కువ, ఆ పైన చాలా ఎక్కువ. మన ఉదాహరణ ‘ఎక్కువ’లో పడుతుంది. ఒక్క అంకెతో తీర్పు చెప్పకూడదు, ఆకారం చూడాలి. ఎత్తు పెరిగే కొద్దీ తేమ తగ్గుతూ, లోతుకు వెళ్లే కొద్దీ పెరుగుతుంటే నేల నుంచి ఎక్కుతున్న నీరు. పైన ఎక్కువ, కింద తక్కువ అయితే కప్పో, వాన నీటి గొట్టమో. ఎత్తుతో నిమిత్తం లేకుండా గోడ ముఖం నుంచి రెండు సెంటీమీటర్ల లోతులోనే ఉంటే లోపలి గాలి నుంచి గోడకు పట్టిన తడి. ఈ మూడింటికీ మందులు వేరు.

అదే పొడిని మళ్లీ ఉప్పు పరీక్షకు వాడతారు. మామూలు వంట ఉప్పు సంతృప్త ద్రావణం ఉంచిన మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఆరిన పొడిని అందులో పెట్టి బరువు పెరుగుదల చూస్తే, గోడ తేమలో ఉప్పు గాలి నుంచి లాగుతున్న వాటా ఎంతో తెలుస్తుంది. వ్యషెహ్రాద్ రొటుండాలో అయితే నైట్రేట్ పరీక్ష తప్పనిసరి. ముప్పైయేళ్ల యుద్ధం తర్వాత అది తుపాకి మందు నిల్వగా ఉండేది, తుపాకి మందులో ముప్పాతిక వంతు సురేకారమే, అంటే పొటాషియం నైట్రేటే.

సందులు తెరవడం, మళ్లీ నింపడం

ఒపుకా గోడలకు 20వ శతాబ్దంలో తగిలిన పెద్ద దెబ్బ సిమెంటు పాయింటింగ్, అంటే రాళ్ల మధ్య సందులను సిమెంటుతో నింపడం. ఈ రొటుండా అనే కాదు, ఈ రాతి గోడ ఎక్కడున్నా వెతకాల్సిన మొదటి అనుమానితుడు అదే. సిమెంటు సందులోంచి నీరు బయటికి పోదు, రాయిలోంచి పోతుంది. ఉప్పు కూడా రాయి ముఖం మీదే పేరుకుంటుంది. పైగా సిమెంటు తనతో క్షార సల్ఫేట్లు తెస్తుంది. సోడియం సల్ఫేట్ ఎండు రూపం నుంచి నీరు కట్టుకున్న రూపానికి మారితే పరిమాణం దాదాపు నాలుగింతలవుతుంది. రంధ్రం లోపల ఈ మార్పు పదే పదే జరిగితే రాయి పిండైపోతుంది. కొన్నేళ్లకు గోడ తేనెపట్టులా కనిపిస్తుంది. సిమెంటు గీతలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి, దిమ్మలు గుంతలుగా లోపలికి పోయి ఉంటాయి. ఈ దృశ్యం మనవాళ్లకు కొత్తేం కాదు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల మీదా 20వ శతాబ్దపు సిమెంటు పొరలు తీసి మళ్లీ సున్నం వేయాల్సి వచ్చింది.

సిమెంటు తీయడానికి గ్రైండర్ వాడొద్దు అని ఊరికే చెబితే కాంట్రాక్టరు వినడు, లెక్క చూపించాలి. 115 మిల్లీమీటర్ల డిస్కుతో 25 మిల్లీమీటర్ల లోతు కోస్తే, రాతి ముఖం దగ్గర కోత పొడవు 95 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే నిలువు సందు చివరిదాకా పూర్తి లోతు రావాలంటే డిస్కు పైదిమ్మలోకి 47 మిల్లీమీటర్లు, కింది దిమ్మలోకి మరో 47 చొచ్చుకుపోవాలి. దిమ్మ ఎత్తు 18 సెంటీమీటర్లే. అడ్డ సందుల్లో కూడా చేయి కాస్త వణికితే 900 ఏళ్ల అంచు పోయింది. ఒప్పుకోదగ్గ పద్ధతి ఇది: వెడల్పు అడ్డ సందు మధ్యలో మాత్రం సన్నటి డ్రిల్లుతో వరుసగా బెజ్జాలు వేసి సిమెంటును బలహీనపరచడం, తర్వాత సందు వెడల్పు కంటే సన్నటి ఉలితో, చిన్న సుత్తితో, రాయి నుంచి దూరంగా సందు మధ్యకు కొట్టడం. సిమెంటు రాయిని గట్టిగా కరుచుకుని, తీస్తే అంచు కూడా ఊడొచ్చేలా ఉన్న చోట దాన్ని వదిలేసి పటంలో గుర్తుపెట్టాలి. వదిలేయడమూ నిర్ణయమే, సిగ్గుపడాల్సిన పని లేదు.

లోతు సందు వెడల్పుకు రెట్టింపు, ఎంత తక్కువైనా 20–25 మిల్లీమీటర్లు ఉండాలి. అడుగు చతురస్రంగా ఉండాలి. ఇంగ్లీషు ‘వి’లా కోసుగా వదిలితే కొత్త సున్నం అంచుల దగ్గర పలచనై ముందు అక్కడే రాలుతుంది. తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, నీళ్లు చల్లి తడపాలి. సందు తడిసి ఉండాలి, అందులో నీరు నిలిచి ఉండకూడదు. పొడి ఒపుకా కొత్త సున్నంలోని నీటిని నిమిషాల్లో పీల్చేస్తుంది. అప్పుడు సున్నం గట్టిపడదు, పొడిగా మిగిలి గోటితో గీకితే రాలుతుంది. పాయింటింగ్ విఫలమైందని పిలిచే కేసుల్లో చాలావాటికి కారణం మిశ్రమం కాదు, తడపకపోవడమే.

మిశ్రమం సంగతి. పాత సున్నం ముక్కను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి మిగిలిన ఇసుక చూసే పద్ధతి ఇక్కడ సగమే నిజం చెబుతుంది. ఇసుకలో సున్నపురాయి గుండ, ఒపుకా ముక్కలు ఉంటే అవీ ఆమ్లంలో పోతాయి, లెక్కలో సున్నం ఎక్కువ వేసినట్టు కనిపిస్తుంది. సన్నటి పలక కోసి సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. ఇంకో సంగతి: ప్రాగ్ దక్షిణాన బ్రానిక్, జ్లీహొవ్ వైపు దొరికే సున్నపురాళ్లలో బంకమట్టి అంశం ఉంది. వాటిని కాలిస్తే వచ్చే సున్నం తనంతట తానే కొంత నీటిలోనూ గట్టిపడే రకం. పాత ప్రాగ్ సున్నానికి పేరొచ్చింది దానికే. అందుకని బయటి గోడకు బలహీనమైన సహజ హైడ్రాలిక్ సున్నం, ఎన్‌హెచ్‌ఎల్ 2 తరగతిది, సరిపోతుంది. 3.5 తరగతి నేలకు ఆనుకున్న వరుసలకే. అంతకంటే బలమైన 5 తరగతి ఈ రాయికి వద్దు.

పాళ్లు పుస్తకం చూసి వేయకూడదు, ఇసుక చూసి వేయాలి. ఒక లీటరు గాజు జాడీ నిండా ఎండు ఇసుక పోసి, తట్టి సర్ది, పై అంచు దాకా నీళ్లు పోయండి. 330 మిల్లీలీటర్లు పడితే ఖాళీ మూడో వంతు, కాబట్టి సున్నం, ఇసుక 1:3. 400 పడితే 1:2.5. ఇసుక 0–4 మిల్లీమీటర్ల మధ్య అన్ని సైజులూ కలిసినది, చేతిలో నలిపితే గరగరలాడేది కావాలి. మట్టి ఉంటే వద్దు. మామూలు సున్నపు ముద్దతోనే పని చేయాలనుకుంటే సన్నటి ఇటుక పొడి సున్నంలో పదో వంతు కలపొచ్చు, అయితే తక్కువ వేడిలో కాలిన ఇటుకే కావాలి. బాగా కాలి ఎర్రగా మోగే ఇటుక పొడి రంగు తప్ప ఏమీ ఇవ్వదు. మన డంగు సున్నంలో వేసే బెల్లం, కరక్కాయ నీళ్లు గుర్తొస్తాయి గానీ, చలీ తడీ కలిసిన ఆ గోడకు వాటిని మోసుకెళ్లక్కర్లేదు. బూజుకు విందు పెట్టినట్టవుతుంది.

పరిమాణం: దిమ్మ 18 × 30 సెంటీమీటర్లు, సందు 10 మిల్లీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు సుమారు 8.5 మీటర్ల పొడవు సందులొస్తాయి. 25 మిల్లీమీటర్ల లోతుకు 2.1 లీటర్ల సున్నం. వృథా కలిపి 2.6 అనుకోవాలి. వంద చదరపు మీటర్లకు 260 లీటర్లు. ఇంత చిన్న మొత్తానికి లారీలో రెడీమిక్స్ తెప్పించడం తెలివితక్కువ. ఒకే ఇసుక కుప్పను ముందే మొత్తం తెచ్చి కప్పి ఉంచుకుంటే రంగు మారదు.

తాపీతో సందులోకి నొక్కి నింపాక, వేలిముద్ర పడీ పడనట్టు ఉన్నప్పుడు గట్టి కుంచెతో తట్టాలి. నున్నగా తాపీ తిప్పితే సున్నం పాలు పైకి వచ్చి పొరకడతాయి, లోపలికి గాలి అందదు. తర్వాత తడిపిన గోనెపట్టా వేలాడదీసి ఐదు నుంచి ఏడు రోజులు నీడలో, తడిలో ఉంచాలి. గాలిలో 5 డిగ్రీల కంటే చలి ఉంటే, లేదా రాత్రికి పడే సూచన ఉంటే పని ఆపేయాలి. ప్రాగ్‌లో మే నుంచి సెప్టెంబరు మధ్య దాకా కాలం. మామూలు సున్నపు ముద్దతో అయితే ఆగస్టు చివరకే ముగించాలి. టెండర్లు వేసవిలో తేలి పని అక్టోబరులో మొదలైతే ఆ ఏడాది వద్దనుకోవడమే మేలు. మొదటి మంచుకు ఉబ్బి రాలిన పాయింటింగ్ మళ్లీ తీయడానికి మళ్లీ ఉలి పట్టాలి, ఆ దెబ్బ మళ్లీ రాయికే.

నల్ల పొర

బొగ్గు పొగలోని గంధక వాయువు సున్నపు రాయిని జిప్సంగా మార్చింది. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. కాబట్టి వాన తగిలే చోట కొట్టుకుపోయి రాయి లేతగా ఉంటుంది, చూరు కింద వాన తగలని చోట మసిని పట్టుకుని నల్లగా గట్టిపడుతుంది. చూడ్డానికి నల్లది చెడ్డగా, తెల్లది శుభ్రంగా ఉంటుంది. నిజానికి తరిగిపోతున్నది తెల్లది. కానీ నల్లదాని వెనక రాయి పిండిగా ఉండొచ్చు. వేలి కణుపుతో మెల్లగా కొడితే బోలు శబ్దం వస్తుంది.

నీటి జెట్టు, ఇసుక జెట్టు ఈ రాయికి నిషేధం అనుకోవాలి. వరస ఇది: ముందు వదులైన చోట్లను పట్టి నిలపడం, తర్వాత చిన్న చోటులో అమ్మోనియం కార్బొనేట్ కలిపిన సెల్యులోజ్ గుజ్జు పట్టు వేసి చూడడం, లేదా లేజర్. పట్టు కింద రాగి తీగ, రాగి రేకు ఉంటే అమ్మోనియం నీలం మరక వేస్తుంది. ముందు పరీక్ష చోటు అరచేయంత, అదీ కళ్లకు ఆనని మూలన. పొర పూర్తిగా పోగొట్టడం లక్ష్యం కాకూడదు, పలుచన చేస్తే చాలు.

పిండి అవుతున్న రాయికి దాన్ని గట్టిపరిచే ఇథైల్ సిలికేట్ ద్రవం పట్టిస్తారు. అది ఎండు రాతిలో, ఉప్పు తీసేశాక మాత్రమే. తడి రాతిలో వేస్తే పైపైనే గట్టిపడి అట్ట కడుతుంది, తర్వాత ఆ అట్ట మొత్తం ఊడుతుంది. మూడు నాలుగు వారాలు కదిలించకూడదు. ఆ వారాల్లో రాయి నీటిని పీల్చదు కాబట్టి సున్నపు పని దాని తర్వాతే.

లోపల గాలి

లోపలి చిత్రాలకు ప్రధాన శత్రువు వానకంటే జనమూ, తలుపూ. మందపాటి గోడ చలికాలపు చలిని దాచుకుని మే నెలలో కూడా 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట మధ్యాహ్నం 22 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే ఆ గాలి 14 డిగ్రీల దగ్గరే నీరై దిగుతుంది. ‘ఎండ బాగుంది, తలుపులు తీసి ఆరనిద్దాం’ అని తెరిస్తే గోడ తడుస్తుంది. తెల్లవారుజామున, బయట చల్లగా పొడిగా ఉన్నప్పుడు తెరవాలి. బయటి గాలిలో ఘనపు మీటరుకు ఉన్న నీరు లోపలికంటే తక్కువైతేనే తలుపు తీయాలన్నది నియమం. రెండు చిన్న సెన్సర్లు, ఒక పట్టిక చాలు.

లెక్క కోసం 6 మీటర్ల వ్యాసం, సగటున 7 మీటర్ల ఎత్తు గల గుండ్రటి గది తీసుకుందాం, దాదాపు 200 ఘనపు మీటర్లు. కూర్చున్న మనిషి గంటకు సుమారు 50 గ్రాముల నీటి ఆవిరి వదులుతాడు. 30 మంది గంట ప్రార్థన చేస్తే ఒకటిన్నర కిలో, ఘనపు మీటరుకు 7.5 గ్రాములు. 12 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగేదే 10.7. అప్పటికే గాలిలో ఏడు గ్రాములుంటే మిగతాది గోడ మీదికి. దీనికి విరుగుడుగా ప్రార్థనకు గంట ముందు హీటర్లు ఊదడం మరింత చెరుపు. గాలి తేమ ఒక్కసారిగా పడిపోయి గోడలోని ఉప్పు స్ఫటికం కడుతుంది, జనం రాగానే కరుగుతుంది. వంట ఉప్పు కరగడానికీ స్ఫటికం కట్టడానికీ మధ్య గీత గాలి తేమ 75 శాతం. ఆ గీతను వారానికి ఎన్నిసార్లు దాటుతున్నారో లాగర్‌లో (తేమ అంకెలు నమోదు చేసే పరికరంలో) లెక్కపెట్టండి. 14వ శతాబ్దపు రంగు అన్నిసార్లు వణికినట్టే. ఒంటికి తగిలే వేడి కావాలంటే కుర్చీ గద్దెల కింద తక్కువ వాటేజీ పలకలు పెట్టాలి, గాలిని వేడి చేయకూడదు.

వదులైన గార దగ్గర ఉప్పు తీసే పట్టు తొందరపడి వేయకూడదు. ముందు జపాన్ కాగితంతో పట్టి ఆపి, వెనక బోలులో సన్నటి సున్నపు గ్రౌటు (బోలు నింపే పలుచటి ముద్ద) సిరంజితో పంపాలి, అడుగు నుంచి పైకి, ఒకసారికి కొన్ని మిల్లీలీటర్లే. గ్రౌటు బరువే గారను ఊడదీసిన సందర్భాలుంటాయి.

నేల, కప్పు

నేల నుంచి ఎక్కే తేమకు గోడను రంపంతో కోసి రేకు దూర్చడం, రసాయనం ఎక్కించడం ఇటుక ఇళ్లకు చేస్తారు. మధ్యలో రాతి ముక్కలు కుక్కిన గుండ్రటి గోడలో ఆ రసాయనం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ చేయగలిగింది గోడ చుట్టూ 50–60 సెంటీమీటర్ల పట్టీలో నీరు చొరని పేవ్‌మెంటు తీసి, ఇసుకలో పరిచిన చిన్న రాళ్లు వేయడం, గోడ నుంచి దూరంగా 2 శాతం వాలు ఇవ్వడం. లోతు కాలువ తవ్వొద్దు. రోమనెస్క్ పునాది లోతు తక్కువగా ఉంటుంది, పక్క మట్టి తీస్తే అది కదులుతుంది. పైగా పాత పట్టణంలో ప్రతి గడ్డపార దెబ్బా పురావస్తు పరిశీలనలోకి వస్తుంది. 2002 ఆగస్టు వరదలో వల్తావా సెకనుకు 5,160 ఘనపు మీటర్ల ప్రవాహంతో వచ్చినప్పుడు పాత పట్టణపు ఒడ్డున తాత్కాలిక గోడలు నదిని ఆపాయి. భూగర్భ జలాన్ని మాత్రం ఏ గోడా ఆపదు. వరద తగ్గాక గోడ ఆరడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో లోపల కొత్త పూత వేయకూడదు.

కప్పు మీద మొదట కారేది లాంతరు గూడు అడుగున, కప్పు దానికి తగిలే చోట. ఏడాదికి రెండుసార్లు పైకెక్కి చూడాలి: నవంబరులో ఆకులు రాలాక, మార్చిలో మంచు కరిగాక. వాన నీటి గొట్టం ఒక బొట్టు గోడ మీదికి వదిలినా కింద పది దిమ్మలు పాడవుతాయి. జోరు వానలో గొడుగు పట్టుకుని పావుగంట గోడ చుట్టూ తిరిగితే ఏ పరికరమూ చెప్పనివి కనిపిస్తాయి.

పాయింటింగ్ నమూనా ఒక చదరపు మీటరు మేర ముందు ఏడాదే వేసి, ఒక చలికాలం వదిలేయాలి. ఏప్రిల్‌లో గోటితో గీకి, బోలు శబ్దం విని, పక్క దిమ్మల అంచున తెల్ల పొడి ఉందేమో చూసి, అప్పుడు మిగతా గోడకు పరంజా కట్టించాలి.